పుచ్చుకుంటినమ్మ భారం

ఆషాఢ బహుళ పాడ్యమి

మూడేళ్లలోపు పిల్లలున్న ప్రతి ఇల్లూ భూమి మీద తన భారం తగ్గించుకోవడానికి ఏమేం చేస్తోందో రోజూ రాసి పెట్టాలని మెరక కచేరీ వాళ్ల నియమం. ఎనిమిది నెలలుగా రాస్తూనే ఉన్నాను. 'ఈ రోజు పక్కగుడ్డలు రెండు బకెట్ల నీళ్లతో ఉతికాను. ఆ నీళ్లు బీరపాదుకు పోశాను' అని బుద్ధిమంతురాలిలా రాసుకొచ్చాను. ఇవాళ నాకు బుద్ధి లేదు, ఒళ్లు మంటగా ఉంది. నిన్న పున్నమి తూకంలో, ఇంటి భారం హద్దు దాటిందని, మా గుమ్మం మీది దీపం ఎర్రగా వెలిగింది.

ఎందుకు వెలిగిందో నాకు అర్థం కావడం లేదు. పిల్లాడు పుట్టాక మా ఇంట్లోకి కొత్త వస్తువు ఒక్కటి రాలేదు. నా పెళ్లిచీరల్లో రెండు ఉయ్యాలలయ్యాయి, ఒకటి పక్కగుడ్డలైంది. ఉగ్గుకి బియ్యం, పప్పులు పది రోజులకోసారి వేయిస్తాను, అదీ పక్కింటి నీరజ పొయ్యి వెలిగించినప్పుడు ఆ మంట మీదే. మా పెద్దపిల్ల మేదిని కంచంలో మిగిల్చిన ఎంగిలి మెతుకులు నేనే తింటాను. మా ఆయన కిరీటి కడలిగోడ పనికి వెళ్లడం, రావడం రెండూ నడకే. ఇంతకంటే తగ్గాలంటే ఊపిరి తీసుకోవడం మానెయ్యాలి.

ఆ మాట ఊరికే అనలేదు. వరసగా మూడు పక్షాలు ఎరుపొస్తే మెరక దిగి పల్లానికి వెళ్లిపోవాలి. నాలుగేళ్ల మేదిని పల్లంలోనే పుట్టింది. అక్కడ గోడలు ఏడాది పొడుగునా చెమ్మగా ఉంటాయి, బూజు వాసన వదలదు. దానికి రెండేళ్లప్పుడు ఒక పొద్దున పిల్లికూతలు మొదలై పెదాలు నీలంగా మారితే, కిరీటి భుజాన వేసుకుని మెట్లదారి అంతా ఎక్కాడు. పొడిగాలిలో ఉంటేనే ఈ పిల్ల బతుకుతుందని డాక్టరమ్మ కాగితం మీద రాసిచ్చింది. ఆ కాగితం పట్టుకుని ఏడాది తిరిగితే ఈ ఇల్లు దొరికింది. గుమ్మం మీద దీపం రంగంటే మాకు పిల్ల ఊపిరి.

తూకం చదివింది హైమవతిగారు. మా వీధికి ఆవిడే పెద్ద. ఎదురిల్లు. పదకొండేళ్లుగా ఆవిడ దీపం ఆకుపచ్చే. ఎరుపు చూసి నేను నిలబడిపోతే, నా తల మీద చెయ్యి వేసి, "ఏం ఫర్వాలేదమ్మా శర్వాణీ. పసిపిల్లల ఇల్లు, అలాగే ఉంటుంది. నన్నడిగితే నేను చెప్పనూ?" అన్నారు. అప్పుడు ఆ చెయ్యి నాకు చల్లగా అనిపించింది.

ఆషాఢ బహుళ సప్తమి

పొద్దున పక్కగుడ్డలు ఆరేస్తుంటే హైమవతిగారు నడకబండి తోసుకుంటూ వచ్చారు. నాలుగు చక్రాలు, మధ్యలో పిల్లాడు కూర్చునే గుడ్డ, ముందు గిలకలు. ముప్పై ఏళ్ల కిందటిదైనా నిన్న చేసినట్టుంది.

"మా మనవడు రెండు నెలలు కూడా తిప్పలేదమ్మా. మీ బుజ్జిగాడికి పనికొస్తుంది. కొత్తది చేయిస్తే భూమికెంత బరువు చెప్పు. ఉన్నదాన్నే వాడుకోవాలి, చేతులు మార్చుకోవాలి" అన్నారు.

వారానికోసారి కుళాయి దగ్గర ఆవిడ అంటించే 'పసిపిల్లల తల్లికి పది మాటలు' కాగితంలో మొదటి మాట కూడా అదే. మా ఇంట్లో అటక మీద ఆవిడిచ్చినవి ఇప్పటికే చాలా ఉన్నాయి. గొలుసు లేని సైకిలు, దూదిపరుపు, మూడు దోమతెరలు, బొమ్మల పెట్టె. వాడింది తక్కువ. పరుపు మేదినికి పడదు, దుమ్ము. సైకిలు వాడు తొక్కేసరికి ఇంకో నాలుగేళ్లు పడుతుంది.

వద్దండీ అందామని నోరు తెరిచాను. 'వ' దాకా వచ్చింది. పిల్లల పేరు చెప్పి పెద్దవాళ్లు ఇచ్చింది వద్దనకూడదని మా అమ్మ చెప్పి చెప్పి పెంచింది. ఆ మాట అలాగే మింగేశాను.

ఇక్కడ కొత్తవాళ్లెవరైనా చదువుతుంటే ఒక్క సంగతి చెప్పాలి. మెరక మీద ప్రతి వస్తువుకీ రాగిబిళ్ల ఒకటి ఉంటుంది. ఆ వస్తువు తయారవడానికి భూమి ఎంత మోసిందో మణుగుల్లో ఆ బిళ్లలో ఉంటుంది. బిళ్ల ఎవరింట ఉంటే భారం వాళ్లది; తిండి, పంకాల వాడకం దాని మీద అదనం. చేతులు మారాలంటే పుచ్చుకునేవాళ్ల గడప దగ్గర ఇద్దరూ నోటితో చెప్పాలి. గడప కింద కాటా వింటుంది. ఆ కాటా చేసినవాళ్లు నోములు నోచిన ఇంట్లో పుట్టినవాళ్లయి ఉండాలి. వాయనం మాటలే పెట్టారు.

"ఇస్తినమ్మా" అన్నారు హైమవతిగారు రాగం తీస్తూ.

"పుచ్చుకుంటినండీ" అన్నాను.

"ఎక్కింది" అంది మా గడప. వీధికి అవతల ఆవిడ గడప "దిగింది" అంది. రెండో మాట నేను అప్పటిదాకా ఎప్పుడూ పట్టించుకోలేదు.

శ్రావణ శుద్ధ పాడ్యమి

మళ్లీ ఎరుపు. నిన్నటి అమావాస్య తూకంలో పోయిన పక్షం కంటే ముదురు ఎరుపు.

ఈ పదిహేను రోజులూ ఎలా బతికామో దేవుడికి తెలుసు. పంకా ఆపేశాం. ఉక్కకి మేదినికి మూడుసార్లు పిల్లికూతలొచ్చాయి. దాన్ని ఒళ్లో నిలువుగా కూర్చోబెట్టుకుని విసనకర్రతో విసురుతూ, ఇంకో కాలితో ఉయ్యాల ఊపుతూ మధ్యాహ్నాలు గడిపాను. కిరీటి పగటి భోజనం మానేశాడు. పాలిచ్చేదాన్ని కాబట్టి నేను మానలేదు, సగం చేశాను. అంత చేస్తే దీపం ఇంకా ఎర్రబడింది.

కోపమొస్తే నేను ఇల్లు సర్దుతాను. ఇవాళ బిళ్లల డబ్బా గడప మీద బోర్లించి, ఒక్కొక్కటీ కాటా మీద పెట్టి వినడం మొదలుపెట్టాను. మా మంచం నాలుగు మణుగులు. వంటసామానంతా కలిపి ఆరు. బట్టలన్నీ మూడు. తర్వాత నడకబండి బిళ్ల పెట్టాను.

"పదకొండు" అంది కాటా.

ఇంకోసారి పెట్టాను. పదకొండే. సైకిలు తొమ్మిది. పరుపు పద్నాలుగు. బొమ్మల పెట్టెలో ఒక్కో బొమ్మకీ ఒక్కో బిళ్ల, కలిపితే పన్నెండు. దోమతెరలు మూడూ కలిపి ఎనిమిది. అక్కడే కూర్చుని లెక్క కట్టాను. మా ఇంటి బిళ్లల మొత్తం అరవై ఏడు మణుగుల్లో యాభై నాలుగు హైమవతిగారు పిల్లల పేరు చెప్పి ఇచ్చినవి.

చీరైతే చిరుగుతుంది, చీపురైతే అరుగుతుంది. అరిగి పేలికైపోతే కచేరీవాళ్లు బిళ్ల వెనక్కి తీసుకుంటారు, భారం తీరిపోతుంది. పిల్లల వస్తువులు అరగవు. పిల్లలే ఎదుగుతారు. పారేద్దామంటే పారేసినదానికి రెట్టింపు రాస్తారు. కాబట్టి అవి వదలాలంటే ఒకటే దారి, మొహమాటపడే మనిషి దొరకాలి.

పదకొండేళ్ల ఆకుపచ్చ దీపం అర్థమైంది. ఆవిడింట్లో ఒక చాప, ఒక చెంబు, గోడకి దేవుడి పటం తప్ప ఏమీ ఉండవని వీధంతా చెప్పుకుంటుంది. ఉండవు మరి. అన్నీ మా అటకల మీద ఉన్నాయి. చెప్పేవి శ్రీరంగనీతులు అని ఊరికే అనలేదు పెద్దలు. నా పిల్లకి ఊపిరాడకుండా చేసి, నా తల మీదే చెయ్యి పెట్టి నిమిరింది. ఆ చెయ్యి గుర్తొస్తే ఇప్పుడు తల కడుక్కోవాలనిపిస్తోంది.

కిందికి దిగాలంటే ఇంకొక్క పక్షం ఉంది. ఒక్కటి మాత్రం రాసి పెడుతున్నాను. దిగేది నేను కాదు.

శ్రావణ శుద్ధ పంచమి

కుళాయి దగ్గర నీరజని పట్టుకున్నాను. ఆమెకి కవలలు, ఇద్దరూ మగపిల్లలు. మెరక కట్టకముందు వాళ్ల తాతలది భీమిలి వైపు పల్లె. కోపం వచ్చినా నవ్వొచ్చినా ఒకేలా మాట్లాడుతుంది.

"ఏటి శర్వాణీ, మొకం అలగెట్టినావు?"

చెప్పాను. బిందె కుళాయి కింద వదిలేసి ఇంటికి పరుగెత్తింది. కాసేపటికి తిరిగొచ్చి, "నలబై ఒకటి" అంది. "రెండు ఉయ్యాల తొట్లు, జంటబండి, ఇంకేటేటో. కవలలు కదమ్మా, రెండేసి ఉండాలంది. పెద్దావిడ గదా అని పుచ్చుకున్నాను. మొగమాటానికి పోతే కడుపొచ్చిందంట ఎవత్తికో. మనకి పరుపులొచ్చినాయి."

సాయంత్రానికి ఆరుగురం తేలాం. అందరం మూడేళ్లలోపు పిల్లల తల్లులమే. అందరిలోకీ చిన్నది ఊర్మిళ. జ్యేష్ఠంలో పురుడు పోసుకుంది, ఇంకా పచ్చి బాలింత కళ ఉంది ముఖంలో. ఆమెకి ఒక్క దోమతెరే చేరింది. "మంచికే ఇచ్చారేమో కదక్కా, పాపం" అంది. ఎవరినీ ఏమీ అనలేని పిల్ల. నీరజ ఆమెని కసిరింది.

ఇంటికొచ్చి కిరీటికి చెబితే తల గోక్కున్నాడు. "అన్నీ ఒక గదిలో పెట్టి ఆరిళ్లవాళ్లూ వాడుకుందాం. ఒక సైకిలు చాలుగా ఆరిళ్ల పిల్లలకి. అందరి పేరూ కలిపి ఒకే బిళ్ల ఇమ్మని కచేరీకి అర్జీ పెడదాం. ఇవ్వరంటావా?" అన్నాడు.

ఇచ్చేవాళ్లేమో. నేను అడగలేదు. "అప్పుడు ఆవిడకేమవుతుంది?" అన్నాను.

"ఆవిడకేమవ్వాలి?"

"దిగిపోవాలి."

కిరీటి నా ముఖం చూసి, పిల్లాడిని ఎత్తుకుని పెరట్లోకి వెళ్లిపోయాడు. వెళితే వెళ్లాడు. పిల్ల పెదాలు నీలంగా మారినప్పుడు భయపడింది ఇద్దరమూ, కానీ ఎదురింటావిడ ఎదుట నిలబడి పళ్లికిలించి 'పుచ్చుకుంటినండీ' అన్నది నేను. ఆ అవమానం నాది.

తీసుకున్నదాన్ని ఇచ్చినవాళ్లకే తిరిగివ్వకూడదని కాటాకేమీ లేదు. ఆ పట్టింపు మనుషులకే ఉంది. బండి తోసుకెళ్లి తిరిగి తీసుకోండి అంటే ఆవిడ పుచ్చుకుంటిని అనదు. నవ్వుతూ, బుగ్గ గిల్లుతూ, మళ్లీ మనింటికే పంపిస్తుంది. ఆవిడ చేత ఆ మాట అనిపించాలి. నలుగురిలో, పీట మీద కూర్చుని, కాదనడానికి వీల్లేకుండా అనాలి. ఆలోచిస్తూ శనగలు నానబోయడానికి చేట తీశాను. చేట చేతిలో ఉండగానే తోచింది. శ్రావణమాసం నడుస్తోంది. మంగళగౌరీ నోము నాకిది ఐదో ఏడు. వాయనం వద్దన్న ముత్తయిదువ ఈ భూమ్మీద ఇంతవరకూ పుట్టలేదు.

శ్రావణ శుద్ధ ఏకాదశి, మంగళవారం

అయిపోయింది. చేతులకింకా పసుపు ఉంది. కడుక్కోకుండా రాస్తున్నాను.

సాధారణంగా ముత్తయిదువని మనింటికి పిలిచి ఇస్తాం. హైమవతిగారికి మోకాళ్ల నొప్పులు కదా, ఆరిళ్లూ తిరగలేరు, మేమే మీ ఇంటికొచ్చి ఇస్తామని నిన్ననే చెప్పి వచ్చాను. "ఎంత మర్యాద నేర్పింది మీ అమ్మ" అని మెచ్చుకుంది. పదింటికి ఆరుగురం స్నానాలు చేసి, పళ్లాలు పట్టుకుని వెళ్లాం. పళ్లెంలో నానిన శనగలు, రెండు తమలపాకులు, పసుపుకొమ్ము. శనగల అడుగున రాగిబిళ్లలు. వాయనం కొంగు కప్పే ఇస్తారు. ఇంత మంచి ఏర్పాటు చేసిన పూర్వీకులకి దండం పెట్టాలి.

గడప లోపలే పీట వేసుకుని తూర్పుముఖంగా కూర్చుంది. నేనే కాళ్లకి పసుపు రాశాను. నున్నగా, పగుళ్లు లేని పాదాలు. ఆవిడ భర్త పట్టాభిగారు ఒక మూల కూర్చుని ఎవరి పిల్లల బొమ్మకో చక్రం బిగిస్తున్నారు. ఆయన ఎప్పుడూ ఏదో ఒకటి బాగుచేస్తూనే ఉంటారు.

మొదట నేను నిలబడ్డాను.

"ఇస్తినమ్మ వాయనం."

"పుచ్చుకుంటినమ్మ వాయనం" అంటూ కొంగు చాపింది.

"ఎక్కింది" అంది గడప. ఆగలేదు. ఎక్కింది, ఎక్కింది, ఎక్కింది అని ఒక్కో బిళ్లకీ ఒక్కోసారి చెబుతూ పోయింది. నా పళ్లెంలో పదహారున్నాయి.

హైమవతి ముఖం నేను దగ్గరగా చూశాను. చూడ్డానికే మొదట నిలబడ్డాను. ముందు అర్థం కాలేదు, తర్వాత శనగల్లో వేళ్లు పెట్టి తడిమింది, తర్వాత తల ఎత్తింది. నేను నవ్వుతున్నాను. ఆవిడ నాకు పరుపు ఇచ్చిన రోజు ఎలా నవ్విందో అలాగే నవ్వాను, తేడా రాకుండా.

"ముమ్మాటికీ ఇస్తినమ్మ వాయనం" అన్నాను.

ఇప్పుడైనా వద్దనవచ్చు. పీట దిగి ఇదేమిటని అడగవచ్చు. గుమ్మం బయట వీధివాళ్లు పదిమంది నిలబడి చూస్తున్నారు. వాళ్లలో ప్రతి ఇంటికీ పది మాటలు చెప్పిన మనిషి, మంగళవారం పూట వాయనం విసిరికొట్టిందంటే ఇంక ఎవరికీ ముఖం చూపలేదు. పెదాలు తడుపుకుంది.

"ముమ్మాటికీ పుచ్చుకుంటినమ్మ వాయనం."

"పుచ్చుకున్నది ఎవరు?"

"నేనే మంగళగౌరిని" అంది. గొంతులో రాగం లేదు.

నా వెనక నీరజ, ఆమె వెనక మిగతావాళ్లు. ప్రతిసారీ గడప ఎక్కింది ఎక్కింది అంటూనే ఉంది. ఊర్మిళ ఆఖరు. పళ్లెం పట్టుకుని గడప బయటే ఆగిపోయింది. హైమవతే ఆమె పళ్లెం తీసుకుని, "భయపడకు, అను" అంది. ఊర్మిళ అంది. మధ్యాహ్నం మగవాళ్లు బళ్లు, పరుపులు, తొట్లు మోసుకెళ్లి ఆవిడ వాకిట్లో దించారు. చోటు చాలక సగం వీధిలో పెట్టారు.

ఇంత హాయిగా నేను అన్నం తిని ఎన్నాళ్లయిందో. సగం కాదు, పూర్తిగా తిన్నాను.

శ్రావణ బహుళ పాడ్యమి

మా దీపం ఆకుపచ్చ. నీరజది పసుపుపచ్చ, ఎరుపుకి ఒక్క మెట్టు ఇవతల. హైమవతిది ఎరుపు, మామూలు ఎరుపు కాదు. రెండొందల మణుగులు దాటిన ఇంటికి మూడు పక్షాల గడువు ఉండదట. ఐదు రోజుల్లో దిగిపోమని కాగితం అంటించారు.

మేదినికి పంకా వేశాను. పడుకుని పలకమీద గీతలు గీస్తోంది. ఛాతీ మీద చెవి పెట్టి విన్నాను, పిల్లికూత లేదు.

మధ్యాహ్నం కచేరీనుంచి ఒకాయన వచ్చి, ఒక్క పక్షంలో యాభై నాలుగు మణుగులు దించిన తల్లివి నువ్వేనా అని అడిగి, వీధి పెద్దగా నా పేరు రాసుకుని వెళ్లాడు. ఇక మీదట కుళాయి దగ్గర పది మాటలు నేనే అంటించాలట. భూమి మీద ఒక్క మణుగైనా తగ్గలేదనీ, వీధికి ఇటు ఉన్నది అటు వెళ్లిందనీ ఆయనకి చెప్పలేదు. ఆయనా అడగలేదు.

శ్రావణ బహుళ తదియ

హైమవతి మా గుమ్మానికి వచ్చింది. చేతిలో ఒకే ఒక్క బిళ్ల, పరుపుది.

"శర్వాణీ, ఇదొక్కటి దిగినా గడువు దొరుకుతుందమ్మా. ఆయనకి మోకాళ్లు పనిచేయవు, మెట్లదారి దిగితే మళ్లీ ఎక్కలేరు. ఒక్క పక్షం ఉంచుకో. పాప పేరు మీద అడుగుతున్నాను."

పాప పేరు ఎత్తకపోతే ఏమనేదాన్నో తెలియదు. ఎత్తింది.

"మా ఇంట్లో చోటు లేదండి" అన్నాను.

ఎంత తేలికైన మాట. ఎనిమిది నెలల కిందటే వచ్చి ఉంటే ఇదంతా జరిగేది కాదు. ఆవిడ తల ఊపి, బిళ్ల కొంగున ముడేసుకుంది. "ఇవన్నీ మా అత్తగారు నా నెత్తిన పెట్టినవే. ఆవిడకి నేను వద్దనలేకపోయాను. నీ అంత తెలివి నాకు లేకపోయింది" అంది.

జాలిపడాలేమో. పడలేదు. అత్తగారి మీద కోపం మా పిల్లల మీద తీర్చుకున్న మనిషి. తలుపు దగ్గరికి వేశాను.

శ్రావణ బహుళ పంచమి

వెళ్లిపోయారు. పల్లం వైపు మెట్లదారి మొదట్లో నిలబడి చూశాను. సామానులో ఆఖరి రెండు తోపుడుబళ్లు. ముందుబండి కూలీలు తోశారు, రెండోదాన్ని పట్టాభిగారే, మెట్టుమెట్టుకీ ఆగి మోకాలు పట్టుకుంటూ, దించుకుని వెళ్లారు. మేదిని "తాతా, టాటా" అని అరిస్తే బండి ఆపి చెయ్యి ఊపారు. ఆయన కోసం కాస్త బాధేసింది. ఆవిడ ఒక్కసారి కూడా వెనక్కి తిరగలేదు. తిరిగితే బాగుండునని అక్కడే చాలాసేపు నిలబడ్డాను.

కిరీటి నాతో ముక్తసరిగా మాట్లాడుతున్నాడు. ఉప్పు ఎక్కువైందంటాడు, నీళ్లు పట్టానంటాడు, అంతే.

శ్రావణ బహుళ దశమి, మంగళవారం

మొదటి 'పది మాటలు' పొద్దున అంటించి వచ్చాను. మొదటి మాట ఏం రాయాలో తోచక, ఉన్నదాన్నే వాడుకోండి అని రాశాను.

పదింటికి తలుపు తట్టారు. ఐదుగురూ ఉన్నారు. తలంట్లు, పూలు, పట్టుచీరలు. పళ్లాల మీద కొంగులు కప్పి ఉన్నాయి. ఊర్మిళ అందరి వెనకాల నిలబడింది, చంకలో పసిపాప. నీరజ చేతిలో పీట. వీధిలో అందరికంటే పెద్దముత్తయిదువకి ఇవ్వడం ఆనవాయితీ. ఈ వీధికిప్పుడు పెద్ద నేనే కదా. సంతోషం వేసింది. నిజంగా వేసింది, రెండు క్షణాల పాటు.

"కూకో శర్వాణీ" అని నీరజ మా గడప లోపల పీట వేసింది. "శనగలు బాగా నానినాయి."

పళ్లెం కొంచెం ఒంచింది, కొంగు కిందనుంచి రాగి మెరుపు కనిపించింది.

"నీరజా, ఏమిటిది?"

"మా గుంటలకి రేపు మూడేళ్లు నిండిపోతాయి. చంటిపిల్లలున్న ఇంటికిచ్చే రాయితీ తీసేత్తారు. అమాసకి మా దీపం ఎరుపే" అంది. ఎప్పటిలాగే అంది. నవ్వుతోందో ఏడుస్తోందో తెలియలేదు. "నీ దీపం పచ్చగుంది. నువ్వే కదా నేర్పినావు."

పసుపుగిన్నె పట్టుకున్న ఒకావిడ నా కాళ్ల దగ్గర వంగింది. నేను కాళ్లు వెనక్కి లాక్కున్నాను. భయమేసింది. హైమవతి పీట మీద కూర్చుని గుమ్మం బయట జనాన్ని చూసినప్పుడు ఆవిడకి వేసింది ఈ భయమే అయి ఉండాలి. లోపల మేదిని పంకా కింద నిద్రపోతోంది.

"వద్దు" అన్నాను.

పసుపుగిన్నె ఆవిడ మళ్లీ నా కాళ్లకి చెయ్యి చాపింది.

"వాయనం వద్దు. నేను పుచ్చుకోను."

పసుపుగిన్నె ఆవిడ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. నీరజ మాత్రం పళ్లెం వెనక్కి తీయలేదు. "అయితే మా గుంటలిద్దరూ దిగిపోవాలేటి?" అంది.

"నాకు తెలియదు నీరజా."

"ఆవిడ పుచ్చుకున్నాది" అంది నీరజ. "పాపిష్టిదే గానీ, పుచ్చుకున్నాది."

నీరజ పీట తీసి చంకన పెట్టుకుంది. నలుగురూ తలలెత్తి వీధిలో దీపాలు చూడసాగారు. ఎరుపు, పసుపుపచ్చ, పసుపుపచ్చ, ఎరుపు. మాది కాక ఆకుపచ్చ ఇంకొక్కటే ఉంది, చివరింటిది. ఒకరి తర్వాత ఒకరు ఊర్మిళ వైపు తిరిగారు. పాపని సర్దుకోబోతే ఆమె కొంగు పళ్లెం మీదనుంచి జారింది. శనగలే ఉన్నాయి. అడుగున బిళ్ల ఏదీ లేదు. ఆ పిల్ల నిజంగా వాయనం ఇవ్వడానికే వచ్చింది.

నా వైపు చూసింది. వీధి పెద్దని కాబట్టి ఏదో ఒకటి అంటానని చూసింది. నేను తలుపు వేసుకుని, గడియ పెట్టి, ఇది రాయడానికి కూర్చున్నాను.

బయట నీరజ గొంతు వినిపిస్తోంది. అంత మెత్తగా ఆమె మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు.

"పద ఊర్మిళా. చంటిపిల్లతో నువ్వు తిరగనేవు. మీ ఇంటికే వచ్చి ఇత్తాం తల్లీ" అంటోంది.